మోగే గడియారం ఎవరి సొత్తు?

ముత్తుకూరు
8 ఫిబ్రవరి 1960

బావా,

నువ్వు దొంగవు. నమస్కారాలూ క్షేమసమాచారాలూ తర్వాత చూసుకుందాం, ముందు ఈ మాట కాగితం మీద పడాలి.

కృష్ణపట్నం ఉప్పు కొటారులో పనిచేసి రిటైరైన రమణయ్యగారి దగ్గర మోగే జేబు గడియారం ఒకటుందని నీకు చెప్పిందెవరు? నేను. పోయిన నెలలో నా చేత్తో నేనే రాసి, బిళ్ళ అంటించి మరీ పంపాను. దాని పక్కనున్న చిన్న మీట లాగితే ఎన్ని గంటలయితే అన్నిసార్లు లోపల సన్నగా మోగుతుందనీ, తర్వాత పావుగంటలు వేరే స్వరంలో మోగుతాయనీ, దీపం లేకపోయినా టైము చెవితో తెలుసుకోవచ్చనీ రాశాను. కోతలు కాగానే పోయి తెచ్చుకుంటానని కూడా రాశాను. గడ్డి తిని రాశాను.

నిన్న పోతే ఆయన వాకిట్లో పడక్కుర్చీలో కూర్చుని కొత్త చేతి గడియారం చూపిస్తూ నవ్వాడు. "మీ బావ వచ్చినాడు గదా అబ్బయ్యా! మొలగొలుకుల బియ్యం మూట, ఈ చేతి గడియారం ఇచ్చి అది తీసుకోని పోయినాడు. నీ కోసమే అనుకుంటినే!" అన్నాడు. నా కోసమేనట! దాన్ని వినటానికి ఆ ఇంట్లో ఎంత చేదు కాఫీ తాగానో నాకూ ఆ దేవుడికీ తెలుసు. ఆ గడియారం చెవి దగ్గర పెట్టుకుని మీట లాగితే ఒళ్ళు ఝల్లుమంటుంది బావా. నాకు అది కావాలి. దాచుకోవటమెందుకు, అది లేకపోతే నాకు అన్నం సయించదు.

నువ్విచ్చిన మూటకు రెండు మూటలిస్తాను. నా దగ్గరున్న వెండి మూత గడియారం కూడా ఇస్తాను. మర్యాదగా పంపించు.

అక్కను అడిగానని చెప్పు.

నీ బావమరిది
ఓబులేసు


ఇందుకూరుపేట
15 ఫిబ్రవరి 1960

చిరంజీవి ఓబులేసుకు ఆశీస్సులు.

దొంగనన్నావు. చాలా సంతోషం. గడియారాలు పోగుచేసేవాడు తన మనసులో ఉన్నది ఇంకో గడియారాల పిచ్చివాడికి రాస్తాడా? నువ్వు రాసిన ఉత్తరం అందిన మర్నాడు మొదటి బస్సుకే వచ్చాను. మీ వీధి మొదట్లోనే దిగాను. పంచె మొహానికి అడ్డం పెట్టుకుని నడిచాను. మీ ఇంటి పెరట్లో నువ్వు వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నావు, నేను చూశాను, నువ్వు చూడలేదు. ఈ గడియారంలో సగం రుచి ఆ నడకలోనే ఉంది.

ఇవ్వను. ఆ మాట అయిపోయింది. కడుపుమంట కొంచెం చల్లారేందుకు ఇక్కడి వైభవం రాస్తాను, విను.

పొద్దున్నే స్నానం చేసి టేకు పెట్టె తెరుస్తాను. అన్నీ కలిసి చేసే చప్పుడు ముందు కాసేపు వింటాను. తర్వాత ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, కీ ఇస్తాను. ఎవరి గుణం వారిది. ఒకటి పెళ్ళికి పోయే ఆడపడుచులా ముందు పరుగెత్తుతుంది. ఒకటి కచేరీ గుమాస్తాలా నింపాదిగా వస్తుంది. ఒకదానికి కీ ఎక్కువిస్తే అలిగి నిలబడిపోతుంది. ఏ రెండూ ఒక టైము చెప్పవు. టైము కావాలంటే మైపాడు బస్సు హారను వింటే సరిపోదా? టైము కోసం గడియారాలు కొనేవాడు గడియారాల మనిషే కాదు. మీ అక్క దీన్ని నా నైవేద్యం అంటుంది. అననీ.

ఆ కొత్తదానికి మాత్రం చివర్న కీ ఇస్తాను. మీట లాగి, కళ్ళు మూసుకుని, నువ్వు గుర్తొచ్చి, నవ్వుకుంటాను.

మొన్న మీ అమ్మ సంవత్సరీకానికి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఉంటానని మీ అక్క అడిగింది. నేను ఇల్లు కదిలితే వీటికి కీ ఇచ్చేదెవరు? ఆమె కదిలితే నాకు వండేదెవరు? అందుకే పొద్దున వచ్చి సాయంత్రానికే తిరిగొచ్చేసింది. తప్పుగా అనుకోకు.

నీ శ్రేయోభిలాషి
చెంచురామయ్య


ముత్తుకూరు
3 జూన్ 1960
(కార్డు)

బావకు నమస్కారాలు. కవరు దొరకనందున కార్డు మీద రాస్తున్నాను. ఒక సంగతి తెలిసింది, నీ మేలు కోరి చెబుతున్నాను. రమణయ్యగారి మేనమామ ఆ మోగే గడియారం గుప్పిట్లో పట్టుకునే కన్నుమూశాడట. గుప్పిలి విప్పటానికి నలుగురు మనుషులు కావాల్సొచ్చిందట. అప్పటినుంచి అది ఉన్న వీధిలో గేదెలు పాలివ్వవట. నాకు నమ్మకం లేదనుకో. ఎందుకైనా మంచిదని చెబుతున్నాను. ఊళ్ళో ఎవరికీ తెలియనీకు. భయమైతే నాకు పంపించు, మా ఇంట్లో పాడి లేదు.

ఓబులేసు


ఇందుకూరుపేట
20 జూన్ 1960

మహారాజరాజశ్రీ ఓబులేసుగారి దివ్యసముఖానికి,

కవరు దొరకలేదా తమకు? ముత్తుకూరు పోస్టాఫీసులో కవర్లకు కరువొచ్చిందా?

తమరి కార్డును మా పోస్టుమాను హజరత్తయ్య నాకంటే ముందు కాఫీ హోటల్లో నలుగురికీ చదివి వినిపించాడు. మధ్యాహ్నానికి ఎదురింటి పేరమ్మ ఖాళీ చెంబు పట్టుకుని మా వాకిట్లో నిలబడింది. "మా గేదె తన్నింది మామా. నీ గడియారం మోగినాకే తన్నింది. మా పిల్లోళ్ళకి పాలెట్ట?" అంది. పాపం కదా అని మా పాలు పోయించాను. మర్నాటికి పక్కింటి గేదె తన్నింది. ఆ తర్వాత వెనకింటిది. వారం తిరిగేసరికి మా వీధిలో పాలిచ్చే గేదె మాది ఒక్కటే మిగిలింది. అందరూ చెంబులు పట్టుకుని వచ్చి, పాలు పోయించుకుని, పోతూ పోతూ "ఒక్కసారి మోగించు మామా, ఇంటాం" అని కూడా అడుగుతున్నారు. పెద్దమనిషినై నేను నల్ల కాఫీ తాగుతున్నాను.

మీ అక్క తిట్టాల్సింది పోయి కడుపుబ్బ నవ్వుతోంది. "మా తమ్ముడికి బుర్రుంది" అంటోంది.

ఇక మీదట ఈ ఇంటికి కార్డు రాస్తే చించి పారేస్తాను. గడియారం మాత్రం ఇవ్వను. గేదెను కావాలంటే పంపిస్తాను.

ఇట్లు
తమ విధేయుడు కాని
చెంచురామయ్య


ముత్తుకూరు
11 జనవరి 1962

బావా,

నిన్ను దొంగ అన్నందుకు నా నాలుక మీద వాతలు పెట్టుకుంటాను. మావాడు మాల్యాద్రికి మీ అమ్మాయి కామమ్మను ఇస్తామని నువ్వు కబురు పంపావు. ఇల్లంతా పండగలా ఉంది. అక్క కూతురే ఇంటికి కోడలై వస్తుంటే అంతకంటే ఏం కావాలి? కట్నాలూ కానుకలూ మన మధ్య మాట్లాడుకునే విషయాలు కావు. ఒక్క పైసా వద్దు.

అయితే ఒక మాట ముందుగా చెప్పటం మంచిది. మావాడు బంగారం. కానీ పట్టుదల మనిషి. పెళ్ళిలో అలకపాన్పు మీద పడుకున్న అల్లుడు అడిగింది అత్తమామలు ఇచ్చి లేపాలి గదా, అది మన పెద్దల ఆచారం. మావాడు ఒకసారి పడుకున్నాడంటే కోరింది చేతిలో పడేదాకా లేవడు. పిల్లవాడి మనసులో ఏముందో నాకేం తెలుసు? మొన్న అన్నం తింటూ "మామ దగ్గర మోగే గడియారం ఉందంట గదా నాయినా, ఎట్ట మోగుద్ది?" అని వాడంతట వాడే అడిగాడు. నేను నేర్పలేదు. ఒట్టు.

ఆచారం కాదనటానికి నువ్వెంత, నేనెంత?

కాబోయే వియ్యంకుడు
ఓబులేసు


ఇందుకూరుపేట
2 మార్చి 1962

వియ్యంకుడు బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు ఆలోచించాను. పందిట్లో అందరి ముందు అల్లుడు అడిగితే లేదనటానికి నాకు నోరు రాదు. ఇస్తే నా ప్రాణం పోతుంది. నువ్వు నన్ను బాగానే ఇరికించావు, ఒప్పుకుంటున్నాను.

కానీ మొన్న పసుపు దంచటానికి మంచి రోజు చూశాం. ఊళ్ళో ముత్తయిదువులంతా వచ్చారు. రోట్లో రోకలి పడుతుంటే నాకు ఒక ఉపాయం తట్టింది. లోపలికి పోయి ఆ గడియారం తీసుకొచ్చి, పసుపూ కుంకుమా కలిపి పళ్ళెంలో పెట్టి, అందరూ చూస్తుండగా మీ అక్క ఒళ్ళో పోశాను. "ఇది నీది. ఈ రోజు నించి దీని మీద నాకు హక్కు లేదు" అని గట్టిగా, చివరి వరసలో ఉన్న ముసలమ్మకు కూడా వినపడేలా చెప్పాను. ముత్తయిదువులకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇన్నేళ్ళకు మొగుడు పెళ్ళానికి ఎంత విలువైనది ఇచ్చాడో చూడండని పేరమ్మ ఊరంతా చెబుతోంది.

ఆడదాని ఒళ్ళో పసుపుకుంకుమలతో పడినదాన్ని అడిగే మగవాడు మన కులంలో పుట్టలేదు. అత్త పసుపుకుంకుమ అల్లుడు అడుగుతాడా? నీ కొడుకును ఇంకేదైనా నేర్చుకోమను.

పందిట్లో నీ ముఖం చూడటానికి ఎదురుచూస్తున్నాను.

చెంచురామయ్య


ముత్తుకూరు
6 మే 1962

బావా,

ఓడిపోయాను. పిల్లలు ఇంటికొచ్చి కుదురుకున్నారు, కామమ్మ చేతి చేపలపులుసు తిన్నాక ఓటమి బాధ కొంచెం తగ్గింది. అందుకే రాయగలుగుతున్నాను.

పెళ్ళిలో మావాడు దుప్పటి ముసుగేసుకుని అలకపాన్పు ఎక్కినప్పుడు నేను అందరికంటే ముందు వరసలో కూర్చున్నాను. నువ్వేమో పక్కన మీసం దువ్వుతూ నిలబడ్డావు. నేను నెల రోజులు నేర్పిన పాఠం వాడు ముసుగులోనుంచే ఒప్పజెప్పాడు. నువ్వు చేతులు రెండూ చాపి, "అది మీ అత్త సొత్తు అల్లుడా, నా చేతుల్లో ఏముంది" అన్నావు. నాటకాల వాళ్ళు నీ కాలి ధూళికి చాలరు. వాడు అత్త వైపు చూశాడు. అక్క నవ్వుతూ, "నా ఒళ్ళో పడింది నాయినా. ఇయ్యను. ఇంకేమన్నా అడుగు" అంది. ఆ మాట పూర్తికాకముందే ఆ వెధవ ముసుగు తీసి "అయితే సైకిలు" అని లేచి కూర్చున్నాడు. ముందునుంచీ వాడి మనసు సైకిలు మీదే ఉందని ఇంటికొచ్చాక కోడలు చెప్పింది.

నువ్వు గెలిచావు. గడియారం నీ పెట్టెలోనే ఉండనీ. ఎప్పుడైనా వస్తే ఒక్కసారి వినిపిస్తావా?

ఓబులేసు


ఇందుకూరుపేట
19 ఆగస్టు 1962

నాయనా ఓబులేసూ,

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. కోడలికి అసలే చూపించకు.

గడియారం నా పెట్టెలో లేదు. పెళ్ళివారు వెళ్ళిన మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చి పెట్టె తెరిచి, "ఏమే, ఇక దాన్ని ఇటియ్యి" అన్నాను. మీ అక్క "దేన్ని?" అంది. చెప్పాను. "అది ఎవురిది?" అంది. నవ్వులాటకేమో అనుకున్నాను. నవ్వులాట కాదు. బీరువా తాళాల గుత్తితో కలిపి నడుముకు దోపుకుని తిరుగుతోంది. కీ తనే ఇచ్చుకుంటోంది. రోట్లో పప్పు రుబ్బుతూ మధ్యలో ఆపి, మీట లాగి, తలూపుతూ వింటోంది. నేను వాకిట్లోనుంచి చెవి రిక్కించి వినాల్సొస్తోంది. దగ్గరికి పోతే ఆపేస్తుంది.

గట్టిగా అడుగుదామంటే ముత్తయిదువులంతా సాక్షులు. నా నోటితో నేనే హక్కు లేదన్నాను గదా, అదీ అరిచి మరీ అన్నాను. మొన్న పేరమ్మతో మొరపెట్టుకుంటే "ఆడదాని ఒళ్ళో పోసింది తిరిగి అడగతావా మామా, కళ్ళు పోతాయి" అని తిట్టి పోయింది.

మిగతా గడియారాలకు కీ ఇస్తున్నాను గానీ చేయి ఆడటం లేదు. నువ్వు ఆమె తోడబుట్టినవాడివి. నీ మాట వింటుంది. నా గడియారం నాకిమ్మని ఆమెకు ఒక ఉత్తరం రాయి. నీ మేలు మరచిపోను.

నీ బావ
చెంచురామయ్య


ముత్తుకూరు
27 ఆగస్టు 1962

అక్కా,

నమస్కారాలు. నువ్వు బాగున్నావని తలుస్తాను. నీకు విడిగా ఉత్తరం రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను, పనుల వల్ల కుదరలేదు.

గడియారం తనకు ఇప్పించమని బావ నన్ను రాయమన్నాడు. నేను అట్లా రాయను. నీది నీదే. బావ మాట వినకు. ఆయన చేతికిచ్చావా, పెట్టెలో పెట్టి మళ్ళీ నిన్ను ముట్టుకోనివ్వడు.

నేను చెప్పేదేమిటంటే, ఆడవాళ్ళకు పొయ్యి దగ్గర ఆవిరి తగిలి గడియారం పాడైపోతుంది. తోడబుట్టిన తమ్ముడి దగ్గర ఉంటే నీ దగ్గర ఉన్నట్టే గదా. పసుపుకుంకుమ పుట్టింటికి చేరితే తప్పు లేదని పెద్దలు కూడా అంటారు. కోడలు మీ ఊరు వచ్చినప్పుడు దాని చేతికిచ్చి పంపు. చిన్నప్పుడు నువ్వు నాకు తాటిముంజెల్లో పెద్దది ఎప్పుడూ ఇచ్చేదానివి, నాకు గుర్తుంది.

బావకు ఈ ఉత్తరం సంగతి చెప్పకు.

నీ ముద్దుల తమ్ముడు
ఓబులేసు


ఇందుకూరుపేట
5 సెప్టెంబరు 1962

తమ్ముడు ఓబులేసుకి అక్క ఆదిశేషమ్మ రాసేది.

నా రాత వంకరగా ఉంటది, సర్దుకోని చదువుకో. కామమ్మ ఉంటే దానిచేత రాయించేదాన్ని, దాన్ని మీరే తీసుకోని పోతిరి.

నీ ఉత్తరం హజరత్తయ్య నాకియ్యలా. ఈ ఇంటికొచ్చే ఉత్తరం ఎప్పుడన్నా నాకొచ్చిందా? అలవాటు కొద్దీ మీ బావ చేతిలో పెట్టి పోయినాడు. మీ బావ చదివినాడు. చదివి, "ఓరి ఈడి దుంప తెగ!" అని అరిచి, అంతలోకే ఉత్తరం తను చదవగూడదని గుర్తొచ్చి, నాలిక్కరుచుకోని నాకిచ్చినాడు. ఆ ముఖం నువ్వు చూడాల్సింది. నేను నవ్వి నవ్వి పొయ్యి మీద పాలు పొంగబెట్టినా.

ఇప్పుడు విను. మీ ఇద్దురూ గడియారాల్లో ఏం సుఖముందో ఇన్నేళ్ళు పుటలు పుటలు రాసుకున్నారు. కీ ఇయ్యటమంట, చప్పుడు వినటమంట, ఎవురికీ తెలీకుండా పోయి తేవటమంట. మీకేం తెలీదు. నాకు తెలిసింది. పొద్దున లేచి మీ బావ నా కొంగు చుట్టూ తిరిగి "ఒక్కసారియ్యే, చూసిస్తా" అంటాడు. "ఇయ్యను" అంటా. ఆ మాటనంగానే కడుపు నిండిపోతా ఉంది. నేను కాపరానికొచ్చినకాడ నించి ఏదడిగినా ఆయన వద్దు, కుదర్దు, ఇయ్యను అనేవాడు. ఆ మాటలో ఇంత తీపుందని నాకు ఒక్కరన్నా చెప్పలా. నువ్వు కూడా అడిగినావు గదా, నీకూ చెపతా ఉండా. ఇయ్యను. అబ్బ, ఎంత బాగుందో!

కోపం కూడా ఉంది ఓబులేసూ, దాచుకోను. నువ్వు పంపినయీ, మీ బావ రాసి పోస్టుకి పెట్టినయీ, మీ ఉత్తరాలన్నీ నేను చదివినా. దాని ముల్లెట్టుంది, దాని మూతెట్టుంది అని అడిగినావు. నన్ను చివర్న ఒక్క ముక్కలో అడిగినట్టు చెప్పమన్నావు, అదీ కొన్నిట్లో లేదు. మొన్న ఎండాకాలం పెళ్ళి అలుపుకి నేను జరమొచ్చి మంచాన పడినా. నీకు తెలుసా? మీ బావ రాసుండడు. ఆయన నీకు గడియారం పోయిందని రాసినాడు గానీ పెళ్ళాం పడిందని రాయలా. ఆ రోజు నాకు అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇందుకూరుపేట నించి ముత్తుకూరు ఏం కాశీనా? అమ్మ పోయినాక ఆ ఇంట్లో నేను ఒక్క పూటన్నా పడుకోలా. అడిగితే గడియారాలకు కీ ఎవురిస్తారంటాడు.

ఇంక అడగను. ఆదివారం వస్తా ఉండా. దసరా దాకా ఉంటా. పుట్టిల్లూ కూతురిల్లూ ఒక్కటే గదా, ఎవురూ ఏమనరు. గడియారం నా నడుముకే ఉంటది.

మీ బావకి చెప్పినా. "నువ్వు పోతే నాకు వంటెవురు చేస్తారు?" అన్నాడు. పేరమ్మ చేస్తదిలే, గేదె పాలు చానా తాగింది గదా అన్నా. "అది మోగటం వినకుండా ఎట్టుండేది?" అన్నాడు. రమ్మన్నా. "పెట్టెలోవాటికి కీ?" అన్నాడు. నిలిచిపోనీ అన్నా. ఇప్పుడు లోపల చొక్కాలు మడుస్తా ఉండాడు. టేకు పెట్టె ఒళ్ళో పెట్టుకోని బస్సెక్కుతాడంట. ఎక్కనీ.

బస్సు కాడికి నువ్వే రా, మాల్యాద్రిని సైకిలు మీద పంపబాకు. నేను దిగంగానే నా నడుం వంక చూసినావంటే అదే బస్సులో తిరిగొచ్చేస్తా, ఒట్టు. నా ముఖం చూడు. "అక్కా, బాగుండావా?" అని అడుగు. అడిగినాక నేను చెప్పేదంతా విను. చానా ఏళ్ళది ఉంది చెప్పాల్సింది.

అక్క
ఆదిశేషమ్మ